గోనెపట్ట కింద మూడు రోజులు

రాఘవేంద్ర చెనక్కాయల మీద నీళ్లు చిలకరిస్తుంటే నేను పక్కనే నోరు మూసుకుని నిలబడ్డాను. కావాలనే నిలబడ్డాను. ఆ మాట ఎవరడిగినా చెప్తాను, నాకేం సిగ్గు లేదు. ఆరేళ్లుగా ఆ మనిషి ఎప్పుడు జారి పడతాడా అని కాచుకుని కూర్చున్నదాన్ని, తీరా పడబోతుంటే చెయ్యి ఎందుకు అందిస్తాను?

అది మా ఊరు కాదు. టాంజానియా దేశంలో, లిండి అనే ఊరికి దగ్గర్లో, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక పల్లె. మాది కళ్యాణదుర్గం పక్క. నలభై ఆరేళ్ల బతుకులో నేను చూసిన పెద్ద ఊరు బెంగళూరు ఒక్కటే, అక్కడికీ సిమెంటు తట్టలు మోయడానికే పోయాను. అలాంటి నన్ను, ఈ ఎలిజబెత్‌ను, విమానం ఎక్కించారంటే నా మీద ప్రేమతో కాదు. నా చేతుల కోసం.

విత్తనపు చెనక్కాయలు మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది. పగిలిన పప్పు మొలవదు. అందుకే మా పక్క విత్తనానికి ఆడవాళ్లే చేత్తో ఒలుస్తారు. మా అమ్మ సిద్దమ్మ ఆ పనికి మేస్త్రి. ఆమె చేతి కింద నాతో కలిపి పన్నెండు మంది. పొద్దుగూకే ముందు మూటకు రెండు దోసిళ్ల నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి, తెల్లారి తీస్తే తొక్క మెత్తబడి ఉంటుంది. వేళ్లు కోసుకుపోవు, పప్పు మీది ఎర్రపొర కూడా చెదరదు. ఇది మా అమ్మ పద్ధతి. దీనికి ఆమె ఒక్క కట్టుబాటు పెట్టింది. మబ్బు కమ్మిన రోజు నీళ్లు ముట్టకూడదు.

"మన ఊరి గాలికి దప్పిక ఎక్కువ మే. ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తాది. మబ్బు పట్టిన పొద్దు దానికి దప్పిక ఉండదు, ఆ తడి కాయలోనే నిలబడిపోతాది" అనేది.

మేము ఒలిచేది రాఘవేంద్ర గోడౌన్లో. భూములున్న ఇంటివాడు, విత్తనాల కంపెనీ పెట్టాడు. అమ్మ పద్ధతి చూసి సగం నేర్చుకున్నాడు. నీళ్లు చిలకరించడం నేర్చుకున్నాడు, మబ్బు సంగతి చెవిన పెట్టలేదు. మా పక్క పుట్టినవాడికి తడి అంటే భయం ఎందుకుంటుంది? నీళ్లు ఎక్కువై చెడిపోయిన వస్తువును మేమెవరమూ ఎరగం.

ఆరేళ్ల కింద జూన్ నెలలో, ఎక్కడో తుఫాను పుట్టి మాకు నాలుగు రోజులు ముసురు పట్టింది. సరిగ్గా దానికి ముందు రోజే రాఘవేంద్ర కాయలన్నీ తడిపించి, పట్టలు కప్పించి, తాళం వేసుకుని బెంగళూరులో పెళ్లికి పోయాడు. తాను లేనప్పుడు మేమేదో మూటగట్టుకుపోతామని భయం. నేను ఫోన్ మీద ఫోన్ చేశాను. "తాళం తీయించు సార్, ముసురు పట్టింది, బూజు పడ్తాది" అని మొత్తుకున్నాను. వినలేదు. వచ్చి తలుపు తీసేసరికి గోడౌన్ అంతా ముక్కవాసన. రుద్ది, ఎండబోసి, సంచులకెత్తి రైతులకు అమ్మేశాడు. రైతులు విత్తారు. ఒక్క సాలు కూడా మొలవలేదు.

రైతులు కట్టెలు పట్టుకుని వచ్చారు. అప్పుడు రాఘవేంద్ర పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి, చేయెత్తి మమ్మల్ని చూపించాడు. ఒలిచే ఆడోళ్లు నా మంచి విత్తనం దొంగిలించి పాత గింజలు కలిపినారు అన్నాడు.

మా అమ్మకు చెవుడు. జనమంతా మా వైపు తిరిగేసరికి ఏదో అన్నారని తెలిసింది గానీ ఏమన్నారో తెలియలేదు. "ఏమంటాండాడు మే?" అని నా కొంగు లాగింది. చెప్పకూడదనుకున్నాను. మళ్లీ లాగింది. ఇక గతిలేక ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, అంత జనంలో, నేనే అరిచాను.

"మనల్ని దొంగలంటాండాడమ్మా!"

అమ్మ తన రెండు చేతులు చూసుకుంది, అంతే. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు. మేము దారిన పోతుంటే కల్లాల దగ్గర ఆడవాళ్లు గంపలు వెనక్కి జరుపుకునేవాళ్లు. ఒక్కొక్కరమే కూలికి బెంగళూరు పోయాం. మరుసటేడు గుడ్ ఫ్రైడేకి ముందే అమ్మ పోయింది. పోయే ముందు రోజు కూడా "మనం తియ్యలేదని వాళ్లకు చెప్పినావా మే?" అని అడిగింది. చెప్పానని అబద్ధమాడాను.

చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు, మా యెడల తప్పు చేసినవాళ్లను మేము క్షమించినట్టు అని ఒక ముక్క వస్తుంది. ఆరేళ్లుగా ఆ ముక్క దగ్గర నేను పెదాలు మూసుకుంటున్నాను. నాకు వాడి దుడ్లు వద్దు, వాడి పని వద్దు. ఆ అరుగు మీదే నిలబడి, ఆ నోటితోనే, వాళ్లు దొంగలు కాదు అని వాడు చెప్పాలి. అంతే నాకు కావలసింది.

అలాంటివాడు మొన్న ఫిబ్రవరిలో, నేను బెంగళూరు నుంచి ఊరికి తిరిగొచ్చాక, మా గడప ముందుకొచ్చి కారు ఆపాడు. ఒక విదేశీ సంస్థ టాంజానియాలో ఆడవాళ్లకు విత్తనం కాపాడుకునే పద్ధతులు నేర్పిస్తోందట. అందులో పనిచేసే పద్మప్రియ గుత్తి అమ్మాయి. నేను కాయలు ఒలుస్తున్న పాత వీడియో ఎవరి ఫోన్లోనో చూసి, ఈ పద్ధతి ఎవరిదని వెతుక్కుంటూ వచ్చి రాఘవేంద్ర దగ్గర తేలింది. నాదే అన్నాడు ఈయన. సరే, ఆ వీడియోలో ఉన్న ఆవిడను కూడా తీసుకురండి అంది ఆ పిల్ల.

"ఏమ్మే ఎలిజబెత్తూ, ఏరోప్లేన్ ఎక్కుతావా?" అన్నాడు. ఆరేళ్లలో ఏమీ జరగనట్టే, నిన్న సాయంత్రం కలిసినట్టే అడిగాడు.

"ఎక్కుతా సార్" అన్నాను.

"ఐదు దినాలు పని, మూడు దినాలు ఊర్లు చూపిస్తారు. నువ్వు మాత్రం నోరు తెరవద్దు. నీ చేతులు పని చేయాల, నా నోరు పని చేస్తాది."

సరే సార్ అన్నాను. మనిషి పక్కన ఉంటేనే గదా ఎప్పుడు ఏ తప్పు చేస్తాడో కనిపెట్టేది!

లిండి దగ్గరి ఆ పల్లెలో మా దగ్గర నేర్చుకునేది ఇరవై మంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద హలీమా. నా ఈడుదే, నాకంటే బలంగా ఉంటుంది, నవ్వితే ఇల్లు అదురుతుంది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. చేతులు చూసుకుని పని చేసుకున్నాం. రెండేళ్లుగా అక్కడే ఉన్న పద్మప్రియకు వాళ్ల భాష వచ్చు. ఆ పిల్లతో రాఘవేంద్ర ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. తెలుగులో మాట్లాడితే మర్యాద తగ్గుతుందేమో.

మొదటి రోజు ఆయన పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అది అయ్యాక పద్మప్రియ నా పక్కన కూర్చుని తెలుగులో చెప్పింది.

"మీ ఊర్లో ఒలిచే ఆడోళ్లు విత్తనం దొంగిలించినారంట గదక్కా. అందుకే ఎవరినీ నమ్మకుండా సారే ఈ పద్ధతి కనిపెట్టినారంట."

"అట్లనామ్మా?" అన్నాను. నా చేతిలో కాయ నలిగి పిండి అయిపోయింది. దేశం దాటి, సముద్రం దాటి వచ్చి ఇక్కడ కూడా మమ్మల్ని దొంగలను చేశాడు. అది విన్నాక నాలో మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

రెండో రోజు పొద్దునే నాకు ఆ ఊరి గాలి సంగతి తెలిసిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్పు పొట్లం నీరుకారింది. ముందు రోజు పొద్దున ఉతికి ఆరేసిన చీర ఇంకా తడిగానే ఉంది. అదే మా ఊర్లో అయితే దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు కర్రలాగా బిగుసుకుంటుంది. ఇక్కడి గాలికి దప్పిక లేదు. ఏడాది పొడుగునా ఈ ఊరు ముసురులోనే ఉన్నట్టు లెక్క. వాళ్ల ఆడవాళ్లు కాయలు తడపకుండా పొడిగా ఒలుస్తారంటే ఊరికే కాదు.

గురువారం సాయంత్రం ఎనిమిది మూటల కాయలు రాశి పోశారు, ఏ మూటకా మూట విడిగా. సోమవారం పెద్ద ఆఫీసర్లు వస్తారు, వాళ్ల ముందు ఒలిచి చూపించాలి. ఆదివారం సాయంత్రం తడిపితే సరిపోయేది. కానీ మధ్యలో మూడు రోజులు షికారు ఉంది, వచ్చాక మళ్లీ ఎవరు తడుపుతారని ఆయన అప్పుడే మగ్గు పట్టుకున్నాడు. పద్మప్రియ ఫోనులో వీడియో తీస్తోంది. నీళ్ల కొలత తన సొంతమనీ, తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నీళ్లు ముట్టదనీ ఆ వీడియోలో చెప్పుకున్నాడు.

"పట్టలు కప్పి పెట్టండి. మేము వచ్చేదాకా ఎవరూ తీయొద్దు" అన్నాడు.

అదే మాట. ఆరేళ్ల కింద అన్న అదే మాట! లోపల్లోపల పొంగిపోయాను. ఆ సంగతి చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

శుక్రవారం మమ్మల్ని వ్యానులో కిల్వా అనే చోటికి తీసుకుపోయారు. మాకు వండిపెట్టడానికి హలీమా కూడా వచ్చింది. దారంతా జీడిమామిడి చెట్లు, కొబ్బరి చెట్లు. సాయంత్రానికి సముద్రం కనబడింది. పల్లెకు రెండు మైళ్లే అయినా, పనిలో పడి నేను అంతవరకూ సముద్రం చూడలేదు. అన్ని నీళ్లు ఒక్క చోట ఉంటాయని చెబితే మా ఊర్లో ఎవడు నమ్ముతాడు? వెయ్యి అడుగుల బోరు వేయించి దుమ్ము చూసినవాళ్లం. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేశాను. హలీమా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అంత హాయిగా నవ్వి ఎన్నేళ్లయిందో! ఒక పక్క అలలు చూస్తున్నాను, ఇంకో పక్క మనసులో ఆ పట్టల కింద ఏం జరుగుతోందో లెక్క వేసుకుంటున్నాను. ఇవాళ వేడి పుడుతుంది. రేపు రాత్రికి వాసన మొదలు. ఎల్లుండి తెల్లటి నూగు. సోమవారం నల్లగా, పచ్చగా. రాఘవేంద్ర టోపీ పెట్టుకుని ఫోటోలు దిగుతుంటే నాకు ఇంకా ముద్దొచ్చాడు.

శనివారం పొద్దున పడవలో ద్వీపానికి పోయాం. అక్కడ ఎన్నో వందల ఏళ్ల నాటి రాతి మసీదు ఉంది, పైకప్పు సగం కూలి, కమానులు నిలబడి ఉన్నాయి. నీడలో కూర్చుని హలీమా వేయించిన పల్లీలు పంచింది. నా ఒళ్లో ఒక గుప్పెడు పోసి ఏదో చెప్పి నవ్వింది. పద్మప్రియ ఆ మాట తెలుగులో చెప్పింది.

"ఇవి పోయినేటివంట, మిగిలింది ఇంతేనంట. ఆ ఎనిమిది మూటల్లో ఆరు వీళ్లవేనక్కా. విత్తనానికి దాచుకున్నవి. రెండే మా సంస్థవి. వచ్చే వారం వానకు విత్తాలని చూస్తాండారు."

ఒళ్లోని పల్లీలు తినకుండా కొంగులో మూట కట్టాను. ఎనిమిదీ సంస్థవే అనుకున్నాను. పెద్దవాళ్ల సొమ్ము బూజు పడితే నాకేమని అనుకున్నాను. అవి ఈ నవ్వే మనిషివా? విత్తనం మొలవని ఏడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కట్టెలు పట్టుకుని వచ్చిన ఆ రైతులను ఈనాటికీ తప్పు పట్టలేదు నేను.

చెప్పేస్తే ఆ మూటలు బతుకుతాయి. కానీ రాఘవేంద్ర కూడా బతికిపోతాడు. నేనే కనిపెట్టి తీయించానంటాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు, మా అమ్మ దొంగగానే ఉండిపోతుంది. ఆరేళ్లు కాచుకున్నది చేతికి అందొచ్చి జారిపోతోంది. ఏడుపొచ్చింది నాకు. హలీమా నా భుజం మీద చెయ్యి వేసింది. సముద్రం గాలికి కళ్లు మండుతున్నాయనుకుందేమో, తన పైగుడ్డ కొంగు ఇచ్చింది.

అప్పుడు లేచాను. కమాను కింద నిలబడి రాఘవేంద్ర ఏదో చెబుతుంటే పద్మప్రియ లేచి వెళ్లి వీడియో తీస్తోంది. నేను నేరుగా పోయి మధ్యలో నిలబడ్డాను. నలుగురి ముందు నేను మాట చెబితే ఆ మనిషికి ఒళ్లు తెలియదని నాకు బాగా తెలుసు.

"సార్, పట్టలు తీయమని ఫోన్ చెయ్యి. ఈడ గాలి తడిగా ఉండాది. బూజు పడ్తాది."

ఆయన మొహం ఎర్రబడింది. "నోరు తెరవద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు సార్. అయినా చెప్తాండా. పట్టలు తీయించు."

"ఎన్నితూర్లే నీతో? ఆ పొద్దు కూడా ఇట్లే ఫోన్ చేసి ప్రాణం తీసినావు. ముసురు పట్టింది, తాళం తియ్యి, బూజు పడ్తాదని!"

"పడింది గద సార్."

"పడితే పడింది! రుద్ది ఎండేసి అమ్మలేదా? ఎవనికన్నా తెలిసిందా?"

అక్కడ ఆగాడు. గుత్తి పిల్లకు తెలుగు వచ్చన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. పద్మప్రియ ఫోను దించలేదు. అలాగే పట్టుకుని మెల్లగా అడిగింది.

"దొంగతనం అన్నారు గదా సార్?"

"అది వేరే సంగతి. నీకు తెలియదు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "ఆ ఒలిచేవాళ్లు ఎవరక్కా?"

"మేమేమ్మా. మా యమ్మ, నేను, ఇంక పదకొండు మంది."

రాఘవేంద్ర ఏదో గొణుక్కుంటూ పడవ వైపు పోయాడు. హలీమాకు పద్మప్రియ అంతా చెప్పింది. ఆమె వెంటనే ఫోను తీసి పల్లెలో ఉన్న కూతురికి చేసింది. పట్టలు తీసి, కొట్టంలో చాపల మీద పలచగా నెరిపి, పొయ్యి వెలిగించి పెట్టమని నేను చెప్పాను, పద్మప్రియ వాళ్ల మాటలోకి మార్చింది.

"ఆరు మూటలే చెప్పమ్మా. ఆ సంస్థవి రెండూ ముట్టుకోవద్దను."

"ఎందుకక్కా, అవి మాత్రం?"

"సార్ ముట్టుకోవద్దన్నాడు గదమ్మా. సార్ మాట నిలబెట్టాల."

పద్మప్రియ నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత నేను చెప్పినట్టే చెప్పింది.

ఆదివారం మాకు చేపల మార్కెట్టు చూపించారు, ఇంకేదో కోట చూపించారు. రాఘవేంద్ర నాతో మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, "ఏమీ కాదు, చూస్తావుండు. పన్నెండేండ్ల సర్వీసు నాది" అన్నాడు. చూస్తాలే సార్ అన్నాను.

సోమవారం పదిగంటలకు ఆఫీసర్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వ్యాను దిగి నేరుగా అక్కడికే పోయాడు రాఘవేంద్ర. రాశులు రెండే ఉన్నాయేమని కూడా అడగలేదు. చొక్కా చేతులు మడిచి, ఏదో గొప్ప బహుమతి మీది గుడ్డ తీసినట్టు పట్ట లాగాడు. వాసన ముందు వరసను తాకింది. ఒకాయన జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. కాయలు అట్టలు కట్టి, నల్లగా పచ్చగా, మధ్యలో తెల్లటి దారాలు పట్టి ఉన్నాయి.

ఆయన చెయ్యి దానంతట అదే లేచింది. అరుగు మీద లేచినట్టే లేచి నన్ను చూపించింది. నీళ్లు ఎక్కువ పోసింది ఈమే అని ఇంగ్లీషులో అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ అర్థమైంది.

పద్మప్రియ గురువారం తీసిన వీడియో పెట్టింది. తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నీళ్లు ముట్టదని ఆయనే చెబుతున్నాడు అందులో. దాని వెనకాలే ద్వీపంలో తీసినది కూడా పెట్టి, ఒక్కో మాటా వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. ఇరవై మంది ఆడవాళ్లు ఆయన్నే చూస్తున్నారు. హలీమా వెనక నుంచి ఒక గంప తెచ్చి నా ముందు పెట్టింది. ఆరిన కాయలు. నేను కూర్చుని ఒలిచాను. పొడిగా ఉన్నందుకు వేళ్లు కోసుకుపోయి రక్తం వచ్చింది గానీ, పప్పు ఒక్కటీ పగల్లేదు.

ఇంటికొచ్చిన నెలకు సంస్థ ఉత్తరం వచ్చింది. మూడేళ్ల పని ఉందట. మా ఒలిచే ఆడవాళ్ల సంతకం లేనిదే రాఘవేంద్ర కంపెనీతో ఏ ఒప్పందమూ లేదట. మాకు ఆయన వద్దనుకుంటే మాతోనే నేరుగా చేసుకుంటామని పద్మప్రియ నాకు ఫోన్ చేసి చెప్పింది. రాఘవేంద్ర ఆపిల్ పండ్ల కవరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏదో అయిపోయింది ఎలిజబెత్తమ్మా. ఏం కావాలో అడుగు."

అమ్మా అన్నాడు నన్ను! "అరుగు ఎక్కి నిజం చెప్పు సార్" అన్నాను.

"చెప్తే సంతకం పెడ్తావా?"

"ముందు చెప్పు సార్."

ఆదివారం పది గంటలకు పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడ్డాడు. బెంగళూరు నుంచి పదకొండు మందినీ పిలిపించాను. ఆనాటి రైతులు కూడా వచ్చారు. విత్తనం తన తప్పు వల్లే బూజు పట్టిందనీ, ఒలిచినవాళ్లు దొంగలు కాదనీ నేల చూస్తూ చెప్పాడు. ఓబన్న అనే ముసలి రైతు, ఆనాడు మా అమ్మ మీదికి కట్టె ఎత్తినవాడు, వచ్చి నా ముందు తువ్వాలు తీసి చేతులు జోడించాడు.

"అయిపోయిందా?" అన్నాడు రాఘవేంద్ర కాగితం బయటికి తీస్తూ.

"ఇంకొక చోట ఉండాది సార్, రా."

వంక దాటి సమాధుల దొడ్డికి నడిపించాను. మేము పన్నెండు మందిమి వెనక నడిచాం. అమ్మ సమాధి మీద సిమెంటు సిలువ, చుట్టూ ఎండిపోయిన గడ్డి. ఆయన అటూ ఇటూ చూసి, గొంతులోనే ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు సార్" అన్నాను. "మా యమ్మకు చెవుడు."

నా మొహం చూశాడు. నేను ఆడుకోవడం లేదని అర్థమైంది. అప్పుడు గొంతెత్తి అరిచాడు. నువ్వు దొంగవు కాదు సిద్దమ్మా అని అరిచాడు. వంక అవతల గొర్రెలు మేపుకుంటున్న ఆంజినప్ప కూడా తలెత్తి చూశాడు.

ఇంకోసారి అరిపించాను. చాలనిపించాక తల ఊపాను. ఆయన చెమట తుడుచుకుని కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

"మేస్త్రి నేను కాదు సార్. ఆమె" అని సమాధి చూపించాను. "సంతకం ఆమెనడుగు."

ఆయన్ని అక్కడే వదిలేసి మేము పన్నెండు మందిమీ ఇంటిదారి పట్టాం.